కళాయి పోయిన గుండిగ

జోగమ్మ చెయ్యి ఇంకా మూడో కుండ మూత మీదే ఉంది. పోయినవారం మనం ఆమెను వదిలింది అక్కడే. 1979 మే నెల, బుధవారం, పొద్దున్న పది కావస్తోంది. మల్కాపురం రోలింగు మిల్లు క్యాంటీను వంటగది. ఎదురుగా మేనేజరు శ్రీరామ్మూర్తి, ఆయన చేతిలో టైపు కొట్టిన కాగితం, బల్ల మీద వేలిముద్ర కోసం సిరా డబ్బా.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళు బెంగపడక్కర్లేదు, జరిగింది చెప్పుకోవడానికి ఎంతోసేపు పట్టదు. మొన్న సోమవారం పదింటి బెల్లుకి కొలిమి కాడ పనిచేసే కన్నబాబు, మరో ఇద్దరు తరవాణి తాగారు. అరగంట తిరక్కుండానే వాంతులతో కుప్పకూలారు. పెద్దాసుపత్రికి మోసుకెళ్ళారు. ఆ మధ్యాహ్నానికే మేనేజరుగారు తరవాణి ఆపేశారు, వాడిన గిన్నెలన్నీ స్టోర్లో పెట్టి తాళం వేశారు, పొయ్యి వెనక దాచిన కుండలు పగలగొట్టాలన్నారు. కుండల ముందు అడ్డంగా నిలబడ్డది జోగమ్మ.

అచ్యుతాపురం పక్క పల్లెనుంచి వచ్చిన మనిషి. పదకొండేళ్ళుగా ఈ క్యాంటీనులో వండుతోంది. ఆమెకు క్యాలెండరు గోడ మీద ఉండదు, పొయ్యి మీద ఉంటుంది. వానలు దిగితే ఉలవచారు. చలి ముదిరితే చోడి సంకటి, చిక్కుడుకాయ కూర. మామిడి పిందె కాయ అయితే నెత్తళ్ళ చేపల్లో మామిడికాయ. ఇక రోహిణి ఎండలొచ్చాయంటే తరవాణి. గంజినీ, బియ్యం కడిగిన నీళ్ళనీ కుండలో పోసి పులియబెట్టి, అందులో అన్నం నానేసి, ఉప్పూ నిమ్మాకూ వేసి పోస్తే, కొలిమి ముందు చెమటోడ్చిన మనిషికి కళ్ళు తెరుచుకుంటాయి. ఆమె మాటల్లో అయితే "లోపల సల్లబడతాది."

శ్రీరామ్మూర్తిగారు వచ్చి ఎనిమిది నెలలే అయింది. వచ్చిన మొదటివారమే క్యాంటీను గోడకు ఒక బోర్డు తగిలించారు. సోమవారం నుంచి శనివారం దాకా ఏ రోజు ఏమిటో అందులో ఉంటుంది. మే నెలకూ డిసెంబరుకూ ఒకటే సాంబారు. చెడ్డమనిషేమీ కాదు. కానీ ఫ్యాక్టరీలో మట్టికుండ కనిపిస్తే తన చదువుకే అవమానం అనుకునే రకం.

"ముద్ర వెయ్యి జోగమ్మా," అన్నారాయన. "ఇందులో ఏమీ లేదు. తరవాణి చెడిపోవడం వల్ల కార్మికులు జబ్బుపడ్డారని, ఇకమీదట పులియబెట్టినవి క్యాంటీనులో వండననీ. అంతే."

"సెడిపోలేదు బాబు."

"ముగ్గురు ఆసుపత్రిలో ఉన్నారు. చెడిపోలేదంటావేం?"

"ముగ్గురు ఆస్పత్రిలో ఉన్నారు, నిజమే. తరవాణి సెడిపోలేదు, అదీ నిజమే. రెండు నిజాలు మీ కాయితంలో పట్టవేటి?"

గుమ్మంలో గుమిగూడిన కార్మికుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బెల్లు ఇంకా కొట్టలేదు, అయినా పాతికమంది దాకా చేరారు. అందరికంటే ముందు యూనియను కార్యదర్శి గురునాథరావు ఉన్నాడు. మీసం గుబురుగానే ఉంటుంది గానీ ఆఫీసరు ఎదురుపడితే మాట సన్నబడిపోతుంది. అతనిప్పుడు జోగమ్మ పక్కకొచ్చి, ఆ వైపు వాళ్ళు అక్కను పిలిచినట్టే పిలిచి, మెల్లిగా అన్నాడు.

"అప్పా, ఒక్క ఏలిముద్రే కదా. ఏసెయ్యి. ఉద్యోగం నిలబడతాది. తరవాణి సంగతి తరవాత యూనియను తరఫున నాను మాటాడతాను."

"నువ్వు ఆఫీసులో కుర్సీ మీద కూకుని మాటాడతావురా గురునాదం. నాను కుండ కాడ మాటాడతాను. ఎవుల సోటు ఆల్లది. జరుగు."

అతను జరిగాడు.

జోగమ్మ మూత తీసింది. పులుపు వాసన, నిమ్మాకు వాసన కలిసి గది నిండా పరుచుకున్నాయి. ఎండలో వచ్చినవాళ్ళ నోళ్ళు ఊరాయి. కానీ ఒక్కరూ ముందుకు రాలేదు. ముగ్గురు పడిపోవడం వాళ్ళంతా కళ్ళారా చూశారు మరి. జోగమ్మ ముంత నిండా ముంచింది, అందరూ చూస్తుండగా గటగటా తాగింది. మూతి తుడుచుకుంది. రెండోసారి ముంచింది, అదీ తాగింది.

"పిచ్చిపని!" అన్నారు శ్రీరామ్మూర్తి. నిజంగానే భయపడ్డారు.

"ఇదీ అదీ ఒకే తరవాణి బాబు. ఒకే పొయ్యి గంజి, ఒకేనాడు కలిపినాను. మూడు కుండలు. శనారం దాకా అందరూ తాగినారు, ఎవులికీ ఏటీ అవ్వలేదు. ఆదారం నాను మా ఊరెల్లినాను, అమ్మోరి పండగకి. సోమారం మద్దేనం గానీ రాలేదు. నాను లేనప్పుడు రెండు కుండల్లో మిగిలిన కాత్తా తీసి ఏదో గిన్నిలో పోసినారు. మూడోది ముట్టలేదు. గిన్నిలోది తాగినోల్లు పడిపోనారు. కుండలోది తాగి నాను మీ ముందర నిలబడ్డాను." ఆమె గొంతు పెరిగింది. "నిన్న ఆస్పత్రికెల్లినాను. కన్నబాబు ఏటన్నాడో తెలుసా? 'అప్పా, తాగినప్పుడు నాలిక మీద రాగి కాసు పెట్టుకున్నట్టు అనిపించినాది' అన్నాడు. మట్టికి ఆ రుసి ఎక్కడ్నుంచి వొత్తాది బాబు? ఆ గిన్ని తెండి. తాళం తియ్యండి. మావోల్లందరి ముందర సూద్దాం."

"నేనేమీ గిన్నెలో పొయ్యమని చెప్పలేదు. కలకత్తా నుంచి డైరెక్టరుగారు వస్తున్నారు, కుండలు కనపడకూడదన్నాను. అంతవరకే."

"కుండలు కనపడకూడదంటే తరవాణి ఏటి గాల్లో నిలబడతాదా?"

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. అంట్లు తోమే తొట్టి దగ్గర మాత్రం ఒక మనిషి నవ్వలేదు. ఆమె జోగమ్మ చెల్లెలు సీతాలు. తల్లి పోయాక జోగమ్మే పెంచి, పెళ్ళి చేసి, ఆర్నెల్ల కిందట ఈ క్యాంటీనులో టెంపరరీగా పెట్టించింది. వచ్చే నెల పర్మనెంటు చేస్తామన్నారు. ఆదివారం అక్క ఊళ్ళో లేనప్పుడు కుండలు చూసుకున్నది సీతాలే. ఏ గిన్నెలో పోశారని సోమవారం సాయంత్రం జోగమ్మ అడిగితే "స్టోర్లో గిన్ని ఏదో ఇచ్చినారప్పా" అని చెప్పి ముఖం తిప్పుకుంది. అడిగింది చెల్లెల్ని కాబట్టి జోగమ్మ ఆ మాట నమ్మేసింది. పరాయివాళ్ళయితే నాలుగు ప్రశ్నలు వేసేది.

శ్రీరామ్మూర్తి తాళంచెవి తీశారు. ఇంతమంది ముందు తియ్యకపోతే దాచిపెట్టినట్టవుతుందని ఆయనకు తెలుసు. గురునాథరావు లోపలికెళ్ళి, రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని ఒక ఇత్తడి గుండిగ తెచ్చి బల్ల మీద పెట్టాడు. బయటవైపు చింతపండు పెట్టి తోమిన తోముడుకి బంగారంలా మెరుస్తోంది. జోగమ్మ లోపలికి వంగి చూసింది.

లోపల కళాయి లేదు. తగరపు పూత మొత్తం లేచిపోయి, ఎండిపోయిన తరవాణి చార అంచున పచ్చటి చిలుము కట్టింది. ఆమె వేలితో గీకి, ఆ వేలు పైకెత్తి చూపించింది.

"సూసినారా? సిలుము! పులుపూ ఇత్తడీ కలిస్తే ఇసం. కళాయి లేని గిన్నిలో సింతపండు సారు కాసీ ఆడది మా వైపు ఒక్కర్తి ఉన్నాదేమో అడగండి. ఎంతసేపు ఉంచినారో ఇందులో. తరవాణి ఏటి సేసినాది? దాని పుటకే పులుపు. గిన్ని సంపినాది బాబు, గిన్ని. మా తిండి కాదు!"

గుమ్మంలో ఒక్కసారిగా కేక లేచింది. ఎవరో ఈల వేశారు. "జోగమ్మప్ప చెప్పిందే నిజం!" అని వెనకనుంచి అరిచారు. గురునాథరావు మీసం కూడా కొంచెం లేచింది. జోగమ్మకు గుండెల్లో బరువంతా దిగిపోయినట్టయింది. రెండు రోజులుగా మెతుకు ముట్టని మనిషి. గెలిచాననుకుంది. గుండిగను అందరికీ చూపిద్దామని రెండు చేతులా పట్టి తిప్పింది.

అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు ఉంది.

జోగమ్మకు చదవడం రాదు. కానీ ఆ చుక్కల వరస తెలుసు. మూడేళ్ళ కిందట పూర్ణా మార్కెట్లో పేర్లు చెక్కే ముసలాయన ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో చుక్కా పడుతుంటే దగ్గరుండి చూసింది. 'చి.సౌ. సీతాలుకు, అప్ప జోగమ్మ' అని. చెల్లెలి పెళ్ళికి తను పెట్టిన సారె అది. ఆమె అరచెయ్యి తనంతట తనే వెళ్ళి ఆ పేరును కప్పేసింది.

తొట్టి వైపు చూసింది. సీతాలు ఇందాకటి పళ్ళేన్నే ఇంకా తుడుస్తోంది.

అంతా అర్థమైపోయింది. పెద్దవాళ్ళు వస్తున్నారు, కుండలు కనపడకూడదన్నారు. సీతాలు తన ఇంట్లో అటక మీద వాడకుండా ఉన్న పెళ్ళి గుండిగ దించి, మర్యాదగా ఉంటుందని మెరిసేలా తోమింది. ఆ తోముడుకే లోపల కళాయి ఊడిపోయింది. కళాయి వేసే సాయిబు వీధిలోకి వచ్చేదాకా ఆగాలన్న ధ్యాస లేదు. అతిథి వస్తే ఇత్తడి బయటికి తీయాలని నేర్పింది ఎవరు? తనే. జోగమ్మకు ముందు చెల్లెలి మీద కోపం వచ్చింది. దాని వెనకే తన మీద ఇంకా పెద్ద కోపం వచ్చింది.

శ్రీరామ్మూర్తి జేబులోంచి స్టోరు జాబితా తీసి చూస్తున్నారు. పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూసుకుని తలెత్తారు. ఇప్పుడాయన గొంతు నెమ్మదించింది.

"ఇది క్యాంటీను సామాను కాదు జోగమ్మా. జాబితాలో ఇత్తడి గుండిగే లేదు. అంటే ఎవరో ఇంటినుంచి తెచ్చారు. ఆ ఎవరో తేలితే వాళ్ళ ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసు కూడా అవుతుంది." ఆయన కాగితాన్ని బల్ల మీద ముందుకు జరిపారు. "తరవాణి దానంతటదే చెడిపోయిందని ముద్ర వేశావనుకో, గిన్నె ఎవరిదని నేను అడగను. నీ ఉద్యోగం ఉంటుంది. వాళ్ళదీ ఉంటుంది."

ఆయనకు పేరు కనపడలేదు. కానీ కప్పిన చెయ్యి కనపడింది.

సిగ్గుపడాల్సిన పని లేదు, చెప్పేద్దాం. జోగమ్మ ఊగింది. ఒక్క ముద్ర. దాంతో సీతాలు బతుకు నిలబడుతుంది. పోయేదేముంది? ఒక కుండ. అంతేనా? అమ్మ తాగిన తిండి, అమ్మమ్మ తాగిన తిండి, ఎండల్లో పొలం దున్నినవాళ్ళను నిలబెట్టిన తిండి విషమని తన వేలితో తనే ఒప్పుకోవడం. రేపు పొద్దున్న ఈ పాతికమందీ ఇళ్ళకెళ్ళి పెళ్ళాలతో కుండలు పారబోయిస్తారు. అయినా చెల్లెలు చెల్లెలే కదా. ఆమె కుడిచెయ్యి గుండిగ మీద ఉంది, ఎడంచెయ్యి సిరా డబ్బాకు జానెడు దూరంలో ఉంది.

"జోగమ్మప్పా!"

గుమ్మంలో జనం రెండుగా చీలారు. కన్నబాబు పెళ్ళాం చిలకమ్మ లోపలికొచ్చింది. రెండు రాత్రులు ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషి. కళ్ళు వాచిపోయాయి, ముడి జారిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టుంది.

"డాక్టరుబాబు నన్ను తోలినాడప్పా. ఆల్లిద్దరికీ తగ్గిపోనాది. మా ఆయనకి పొద్దున్నుంచి ఉచ్చ నల్లగా వొత్తన్నాది. ఉట్టి పులిసిపోయిన తిండైతే ఇలగవ్వదంటన్నాడు డాక్టరు. ఏ గిన్నిలో పోసినారు, ఎన్ని గంటలు ఉన్నాది, అది కనుక్కురమ్మన్నాడు. కనుక్కొత్తే మందు మారుత్తాడట. ఆలస్యం అయితే నాను సెప్పలేనన్నాడప్పా!"

శ్రీరామ్మూర్తి కాగితం మీదనుంచి చెయ్యి తీశారు.

జోగమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. సిరా డబ్బాను మోచేత్తో పక్కకు నెట్టింది. పేరు మీదనుంచి అరచెయ్యి తీసేసింది.

"ఇదే గిన్ని. ఇత్తడి. కళాయి నేదు. బాబూ, మీరే సదవండి పేరు."

శ్రీరామ్మూర్తి వంగి చదివారు. చదివి, నెమ్మదిగా తొట్టి వైపు తల తిప్పారు. ఆయన నోరు తెరిచేలోగా జోగమ్మ అందుకుంది.

"అటు సూడకండి. కుండలు నావి, తరవాణి నాది, గుండిగ నాను కొన్నది. ఆనాడు ఊరెల్లింది నాను. పేరెవులిదైనా తప్పు నాదని రాసుకోండి, కింద పది ఏలిముద్రలూ అద్దుతాను. తరవాణి సెడిపోనాదని మాత్రం అద్దను. ఉద్యోగం పోనీండి, కేసు పెట్టండి, అద్దను!"

"అదంతా నాకొద్దప్పా," అంది చిలకమ్మ, జోగమ్మ భుజం పట్టుకుని ఊపేస్తూ. "ఎన్ని గంటలు ఉన్నాది? అది సెప్పు. ఎప్పుడు పోసినారు?"

జోగమ్మకు తెలియదు. ఆదివారం ఆమె ఊళ్ళోనే లేదు కదా. నేరం మొత్తం నెత్తికెత్తుకోగలిగింది గానీ, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర లేదు.

పళ్ళెం కింద పడిన చప్పుడయింది.

"ఆదారం పొద్దుగూకినేల పోసినాను." సీతాలు తొట్టి వదిలి ముందుకొచ్చింది. "దీపాలు ఎట్టీ ఏళకి. సోమారం పదింటిదాకా అందులోనే ఉన్నాది. పొద్దున్న అడుగునించి కలిపినాను, అన్నం కిందకి దిగిపోయిందని. కన్నబాబుకి ఆఖర్ని పోసినాను, అడుగుది. ఆడు ఎక్కువ అడిగితే రెండు ముంతలు పోసినాను. నానే." అక్క వైపు చూసింది. "నీకు అబద్ధం సెప్పినానప్పా. బయమేసినాది."

జోగమ్మ చెల్లెల్ని కొట్టాలనుకుంది. దగ్గరకు తీసుకోవాలనుకుంది. రెండింటికీ వేళ కాదని ఊరుకుంది.

సీతాలు బల్ల దగ్గరకొచ్చి గుండిగ ఎత్తి చంకన పెట్టుకుంది.

"ఆగు," అన్నారు శ్రీరామ్మూర్తి గుమ్మానికి అడ్డంగా వెళ్ళి. "అది సాక్ష్యం. ఇక్కడినుంచి కదలకూడదు. డాక్టరుకి నేను ఫోను చేసి చెబుతాను."

"ఫోన్లో సిలుము కనపడతాదా బాబు?" అంది సీతాలు. అక్క పోలిక అప్పుడే కనపడింది ఆ పిల్లలో. "మీరే కదా సదివినారు, నా పేరున్నాదని. నా సామాను నాను పట్టుకెల్తన్నాను. పోలీసులు వొత్తే ఆస్పత్రికి రమ్మనండి. అక్కడే ఉంటాను."

చిలకమ్మ ఆ పిల్లను నఖశిఖపర్యంతం చూసింది. తన మొగుడికి విషం పోసిన చెయ్యి, నిజం చెప్పిన నోరు, రెండూ ఒకే మనిషివి.

"నడు," అంది చిలకమ్మ. "దార్లో తిడతాను. ముందు డాక్టరుకి సెప్పు."

శ్రీరామ్మూర్తి పక్కకు తప్పుకోక తప్పలేదు. ఇద్దరాడవాళ్ళూ బయటికి నడిచారు, ఎదర రోడ్డు మీద రిక్షా ఉంది. జోగమ్మ వాళ్ళ వెనకే వెళ్ళబోయి, గుమ్మంలో ఆగింది. పదింటి బెల్లు అప్పుడే కొట్టారు. పాతికమంది యాభై అయ్యారు. కొలిమి వేడికి ఒళ్ళు కాలి వచ్చిన మనుషులు, పెదాలు ఎండిపోయి ఉన్నారు. ఇందాక ఈలలు వేసినవాళ్ళు, కేకలు పెట్టినవాళ్ళు అందరూ ఉన్నారు.

"మూడో కుండ నిండుగా ఉన్నాది," అంది జోగమ్మ. "మట్టికుండ. నాను తాగినాను, మీరు సూసినారు. నా ఎనకాల అరిసినారు కదా, ఇప్పుడు తాగండి. నాను వొచ్చీసరికి కుండ కాళీ అవ్వాల. అవ్వలేదంటే, ఆ కాయితం మీద నా ముద్ర అక్కర్లేదు. మీరంతా ఏసీసినట్టే."

"ఎవరైనా ఆ కుండ ముట్టుకుంటే ఇవాళే సస్పెండు చేస్తాను!" అన్నారు శ్రీరామ్మూర్తి. "పోలీసులు వచ్చేదాకా ఎవరూ కదలకూడదు."

ఎవరూ కదల్లేదు. అరిచిన నోళ్ళలో ఒక్కటీ తెరుచుకోలేదు. జోగమ్మ ఒక్క క్షణం చూసింది. మేనేజరు కాగితానికి లొంగని మనిషి, ఆ మౌనానికి కుంగిపోయింది. కానీ రిక్షాలోనుంచి సీతాలు పిలుస్తోంది, ఆసుపత్రిలో కన్నబాబు ఉన్నాడు. వెనక్కి తిరిగి గబగబా నడిచింది.

మెట్టు దిగుతుండగా వెనకాల ముంత కుండలో మునిగిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే శ్రీరామ్మూర్తి అరుపు.

"గురునాథరావ్! కింద పెట్టు! చెబుతున్నాను, కింద పెట్టు!"